కాపీ పెట్టిన చోటు

ఎనిమిదేళ్ళుగా రెండు వాక్యాలు మోస్తున్నాను. రెండూ నా నోటి నుంచి వచ్చినవే. ఒకటి అబద్ధం, ఇంకోటి అంతకంటే నీచమైనది. మొదటిది ఒక మనిషి ఎదుటే అన్నాను. రెండోది అతను గదిలోంచి వెళ్ళిపోయాక అన్నాను. వాటితో అతని ఉద్యోగం పోయింది, నాది నిలిచింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే తిడుతుందని కాదు, "పోనీలెండి, అప్పటి పరిస్థితి అలాంటిది" అంటుందని భయం. ఆ ఓదార్పు తీసుకోవడానికి నాకు మొహం చెల్లదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తెనాలి వైపు. ఉద్యోగం కోసం వచ్చి మేడ్చల్లో, రింగు రోడ్డుకి దగ్గర్లో కొత్తగా లేచిన ఒక కాలనీలో స్థిరపడ్డాం. మా వీధిలో సగం ఇళ్ళు మావైపు వాళ్ళవే. అప్పట్లో నేను శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల పరీక్షా కేంద్రంలో పనిచేసేవాణ్ణి. దాని పేరు చెప్పను. జీడిమెట్ల కంపెనీల దగ్గర నుంచి మాకు మాత్రల నమూనాలు వచ్చేవి. వాటిని ఇంత వేడిలో, ఇంత తేమలో అని గదుల్లో పెట్టి, ఏళ్ళ తరబడి ఉంచి, పాడవుతాయో లేదో చూడాలి. ఆ గదుల్లో ఎంత వేడి ఉందో ఒక కంప్యూటరు పగలూ రాత్రీ రాసుకుంటూ ఉంటుంది. మాత్ర ఎంత బాగున్నా సరే, ఆ రీడింగులు లేకపోతే పరీక్ష జరగనట్టే లెక్క. మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.

ఆ కంప్యూటర్లన్నిటికీ నేను పెద్దని. నా కింద ఒకే ఒక్క ఆపరేటరు. అతన్ని సత్తిరెడ్డి అంటాను, అసలు పేరు అది కాదు. శామీర్‌పేట పక్క ఊరే. ఒకప్పుడు వాళ్ళకి ద్రాక్ష తోట ఉండేది. ఇప్పుడక్కడ ప్లాట్లు. వాళ్ళ అన్న ఆ ప్లాట్ల వ్యాపారంలోనూ, ఊరి రాజకీయాల్లోనూ తిరుగుతాడు. సత్తిరెడ్డి మాత్రం కంప్యూటరు హార్డ్‌వేర్ నేర్చుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకునే ఉద్యోగమే కావాలని పట్టుబట్టి వచ్చాడట. వాళ్ళ నాయిన ఊళ్ళో అందరికీ "మా చిన్నోడు కంపెనీల కంప్యూటర్లు జూస్తడు" అని చెప్పుకునేవాడని ఒకసారి సిగ్గుపడుతూ చెప్పాడు. అతను నాకంటే ఆరేళ్ళు పెద్ద. అయినా నన్ను సార్ అనేవాడు, నేను నువ్వు అనేవాణ్ణి. అది కూడా ఇప్పుడే గుర్తొస్తోంది.

కొంచెం నా పని గురించి చెప్పాలి. లేకపోతే నా తప్పు మీకు తప్పులా కనిపించదు. మా దగ్గర కంప్యూటర్లు చాలావరకు నిజమైనవి కావు. రెండు పెద్ద సర్వర్లలో బోలెడు వర్చువల్ మెషీన్లు నడిచేవి. వాడేవాళ్ళకి ఒక్కొక్కటీ ఒక పూర్తి కంప్యూటరు. మాకు మాత్రం అదొక పెద్ద ఫైలు, అంతే. ఆ ఫైళ్ళు సర్వర్లలో ఉండవు, నెట్‌వర్కు మీద ఇంకో గదిలో ఉన్న స్టోరేజీలో ఉంటాయి. సత్తిరెడ్డి దాన్ని పెట్టె అనేవాడు, క్రమంగా నాకూ అదే అలవాటైంది. గదుల వేడి రాసుకునే మెషీన్ కూడా ఆ పెట్టెలో ఒక ఫైలే.

ప్రతి శనివారం ఆ ఫైలుకి కాపీ తియ్యాలి. అది సత్తిరెడ్డి పని. సర్వరు ఆ ఫైలుని పెట్టెలోంచి కొంచెం కొంచెంగా చదివి, వైరు మీద తన దగ్గరికి లాక్కుని, ఆవరణకి ఆ చివర పాత బిల్డింగులో ఉన్న ఇంకో పెట్టెలో రాసేది. ఐదు గంటలు పట్టేది. సత్తిరెడ్డి పొద్దున పదింటికి మొదలుపెట్టి, అన్నం డబ్బా అక్కడే తిని, అయ్యాక పాత బిల్డింగుకి నడుచుకుంటూ వెళ్ళి, అక్కడ ఒక ముసలి కంప్యూటరు మీద ఆ కాపీని తెరిచి, ఆ రోజు పొద్దున రీడింగు కనిపిస్తోందో లేదో చూసేవాడు. ఆ తర్వాత రిజిస్టరులో రాసేవాడు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయింది, ఎక్కడ పెట్టింది, తెరిచి చూసింది, సంతకం. తెరిచి చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు. నేనైతే అసలు చెప్పలేదు.

ఆ ఐదు గంటలూ ఆఫీసు నెట్‌వర్కు నత్తనడక నడిచేది. శనివారం వచ్చే వాళ్ళంతా సణిగేవారు. ఒకసారి డైరెక్టరుగారే పిలిచి, నా స్క్రీను కదలడం లేదేమిటయ్యా అన్నారు. అది నాకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా ఆ నెలలోనే నేను ఒక శిక్షణకి వెళ్ళి కొత్త సంగతి ఒకటి నేర్చుకుని వచ్చాను.

సంగతి తేలికే. పక్క గదిలోకి మార్చాల్సిన బియ్యం బస్తాలని వీధిలోకి మోసుకొచ్చి, వీధి చుట్టి తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టడం ఎందుకు? ఇంట్లో ఉన్నవాళ్ళకే చెబితే లోపల్లోపలే మార్చేస్తారు కదా. అలాగే సర్వరు తాను చదివి రాసే బదులు, "నువ్వే కాపీ చేసుకో" అని పెట్టెకి ఒక్క మాట చెబుతుంది. దానికి సర్వర్లలో ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. ఎక్కించాను. ఐదు గంటల పని నలభై సెకన్లలో అయింది. వైరు మీద ఏమీ కదల్లేదు, సర్వరుకి చెమటే పట్టలేదు. డైరెక్టరుగారిని పిలిచి చూపించాను. ఆయన గడియారం చూసుకుని, నా భుజం తట్టి, మేనేజరుతో ఈ అబ్బాయిని చూసి నేర్చుకోండి అన్నారు. నేను పొంగిపోయాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లకి కూడా చెప్పాను, దానికి నాలుగేళ్ళు.

ఆ విద్యలో తప్పేమీ లేదు, ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. కానీ అది ఆ పెట్టె లోపలే పనిచేస్తుంది. పాత బిల్డింగులో ఉన్న పెట్టెకి పంపాలంటే మళ్ళీ అదే వైరు, అదే ఐదు గంటలు. ఇంకో సంగతి కూడా ఉంది. చోటు కలిసొస్తుందని ఆ పెట్టె నిజానికి కాపీ కూడా చెయ్యదు. ఉన్నదానికే రెండో పేరు పెడుతుంది, తర్వాత మారిన ముక్కల్ని మాత్రం వేరుగా రాసుకుంటుంది. ఒకే మనిషి రెండు రేషన్ కార్డులు తీసుకున్నట్టు. రోజువారీ పనులకి అది చాలు. కానీ శనివారం కాపీ ఉన్నది రోజువారీ పనికి కాదు. పెట్టె పోయిన రోజు కోసం.

ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. శిక్షణలో మొదటి రోజే చెప్పారు, నేను పుస్తకంలో రాసుకున్నాను కూడా. మరి డైరెక్టరుగారికి ఎందుకు చెప్పలేదు? నలభై సెకన్లు చూపించేశాక, ఇది శనివారం కాపీకి పనికిరాదండీ అని ఎలా చెప్పాలో తెలియక. అంతే కారణం. ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. ఎవరో బెదిరించి ఉంటే, ఇంట్లో ఏదో గండం ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అవేమీ లేవు. పొగిడారు, ఆ పొగడ్త వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు.

అందుకని సత్తిరెడ్డికి చెప్పాను, ఈ శనివారం నుంచి కాపీ ఈ పెట్టెలోనే పెట్టు అని. అప్పుడు మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్, గిదేంది, రెండు ఒక్కతాన్నే పెడ్తున్నం గద. రేపు గా పెట్టెకే ఏమన్న అయితే?"

"ఏం కాదు. అందులో ఒక డిస్కు పోతే ఇంకోటి చూసుకుంటుంది. దానికే కదా అంత పెద్ద పెట్టె కొన్నది."

"అయితే పాత బిల్డింగుకు గూడ ఒకటి పంపుదం సార్. నేను కూసుంట. నాకేం పరేషాన్ లేదు."

"నీకు లేదయ్యా, ఆఫీసుకి ఉంది. ఆ ఐదు గంటల గోల ఇంక వద్దు."

అతను సొరుగులోంచి ఒక ఖాళీ ఫారం తీశాడు.

"మరి మార్పు ఫారం పెడ్దమా సార్?"

"తర్వాత పెడదాంలే. ముందు నువ్వు మొదలుపెట్టు."

"మీరు జెయ్యమంటే జేస్త సార్."

మార్పు ఫారం అంటే మీకు తెలియాలి. మా లాంటి చోట గోడకి మేకు కొట్టాలన్నా ఒక ఫారం నింపి, ముగ్గురి చేత సంతకాలు పెట్టించాలి. క్వాలిటీ వాళ్ళు అడుగుతారు, ఎందుకు మారుస్తున్నారు, ఏం నష్టం రావచ్చు అని. ఆ రెండో ప్రశ్నకి నేను ఏం రాయను? అందుకే తర్వాత అన్నాను. పని చేసేసి ఫారం తర్వాత పెట్టి పాత తేదీ వెయ్యడం మా అందరికీ అలవాటే. చెయ్యకూడదని అందరికీ తెలుసు, అందరూ చేస్తారు. నేను అది కూడా చెయ్యలేదు. మర్చిపోయానని అనుకోవడం సుఖంగా ఉంటుంది గానీ, మర్చిపోలేదు. వారం వారం గుర్తొచ్చేది, వారం వారం పక్కకి నెట్టేవాణ్ణి.

సత్తిరెడ్డి ఏం చేశాడంటే, నేను చెప్పినట్టు నలభై సెకన్ల కాపీ తీసి, దాంతోపాటు పాత పద్ధతిలో పాత బిల్డింగుకి కూడా ఒకటి పంపుతూ పోయాడు. నాతో చెప్పలేదు. నాకు తెలియకూడదని దాచనూ లేదు, రిజిస్టరులో రెండూ రాశాడు. నేనే రిజిస్టరు చూసేవాణ్ణి కాదు. అలా ఐదు శనివారాలు. ఆరో శనివారం నెట్‌వర్కు ఇంకా నెమ్మదిగానే ఉందని ఎవరో అంటే వెళ్ళి చూశాను. పక్కన ఇద్దరు ల్యాబు అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళ ముందే, చెప్పింది చెవిన పెట్టవా, నీకంటే నాకు తక్కువ తెలుసా అని అరిచాను. అతను నడుస్తున్న కాపీని మధ్యలో ఆపేశాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ పాత బిల్డింగుకి పంపలేదు.

ఏడు నెలలు గడిచాయి. మే నెల, ఒక ఆదివారం. స్టోరేజీ గదిలో ఏసీ ఆగిపోయింది. ఊరందరి మాత్రలు ఎంత వేడిలో ఉన్నాయో క్షణక్షణం రాసుకునే కంపెనీలో, మా సొంత గది ఎంత వేడెక్కిందో చూసిన దిక్కు లేదు. సోమవారం పొద్దున వెళ్ళేసరికి డిస్కులు ఒకటి వెనక ఒకటి పోయి ఉన్నాయి. ఒకటి పోతే పెట్టె తట్టుకునేది, రెండు పోయినా తట్టుకునేదేమో. పెట్టె తయారు చేసిన కంపెనీ మనుషులు వచ్చి మూడు రోజులు కుస్తీ పట్టి, మా వల్ల కాదన్నారు. మిగతా మెషీన్లని మళ్ళీ కట్టుకోవచ్చు. రీడింగుల మెషీన్‌ని కట్టుకోవచ్చు గానీ రీడింగులని కట్టుకోలేం. అసలూ పోయింది, దాని పక్కనే పడుకున్న కాపీలన్నీ పోయాయి. పాత బిల్డింగులో సత్తిరెడ్డి ఆఖరున పంపిన కాపీ ఒక్కటి మిగిలింది. దాని తర్వాత ఏడు నెలలు లేవు. ఆ ఏడు నెలలు నడిచిన పరీక్షలన్నీ వృథా.

అతను ఆ ఐదు వారాలు నా మాట వినకపోవడం వల్ల ఇంకో నెల రీడింగులు బతికాయి. దీన్ని ఎవరైనా మెచ్చుకోవాలి కదా. జరిగింది వినండి.

గురువారం విచారణ. చిన్న గది. ఒక పక్క మేనేజరు, ఆయనది గుంటూరు. ఇంకో పక్క క్వాలిటీ హెడ్ మేడం. ఎదురుగా నేనూ సత్తిరెడ్డీ. బల్ల మీద రిజిస్టరు. మేడం పేజీలు తిప్పుతూ చదివారు. అక్టోబరు దాకా ప్రతి శనివారం పాత బిల్డింగు కాపీ ఉంది. కొత్త పద్ధతి వచ్చాక కూడా ఐదు వారాలు రెండూ ఉన్నాయి. ఆ తర్వాత హఠాత్తుగా ఒకటే ఉంది, అది కూడా అదే పెట్టెలో. మార్పు ఫారం ఎక్కడా లేదు. ఆవిడకి అర్థమైంది ఇది: పద్ధతి తెలిసిన మనిషే, కొన్నాళ్ళు ఒళ్ళు వంచి చేశాడు, తర్వాత బద్ధకించి తేలిక పని పట్టుకున్నాడు. కాగితం మీద చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. అతని జాగ్రత్తే అతనికి సాక్ష్యమై ఎదురు తిరిగింది. అది కాదని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడు అతని పక్క కుర్చీలో కూర్చుని నీళ్ళు నములుతున్నాడు.

మేడం అడిగారు, చోటు ఎవరు మార్చమన్నారు అని. సత్తిరెడ్డి మెల్లగా, "సార్ జెప్పిండు మేడం," అన్నాడు. నా మీద చాడీ చెప్పినట్టు లేదు. ఇప్పుడు సార్ మాట్లాడతాడు కదా అన్నట్టు ఉంది.

అందరూ నా వైపు చూశారు. అప్పుడన్నాను.

"వేగంగా చెయ్యమన్నాను మేడం. చోటు మార్చమనలేదు."

అది మొదటి వాక్యం. ముందు రాత్రి నుంచే నాలుక చివర తయారుగా ఉందని ఒప్పుకోవాలి. భయంలో పొరపాటున జారిన మాట కాదు.

సత్తిరెడ్డి నా వైపు తిరిగాడు. కోపం ఉంటుందని చూశాను, లేదు. ఏదో మర్చిపోయిన మనిషికి గుర్తు చెయ్యాలన్నట్టు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను. అతను తల దించుకుని, "నాకే సమజ్ కాలేదేమో మేడం," అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడు? ఎనిమిదేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. నన్ను కాపాడాలనా? పెద్ద ఉద్యోగి కాదన్నాక చిన్న ఉద్యోగి మాట చెల్లదని తెలిసా? లేక నేను అంత నిబ్బరంగా చెప్పేసరికి, నిజంగానే తనకి అర్థం కాలేదేమోనని తన మీద తనకే అనుమానం వచ్చిందా? ఈ మూడోది నిజమైతే నేను చేసింది ఉద్యోగం తీసెయ్యడం కంటే పెద్ద పాపం. నాకు తెలుసుకునే ధైర్యం లేదు.

అతన్ని బయటికి పంపారు. మేనేజరు నీళ్ళు తాగి, ఎలాంటివాడండీ మనిషి అని నన్నడిగారు. ఒక్క మంచి మాట చెప్పినా కాస్త మందలించి వదిలేసేవారు, గొంతులో ఆ మెత్తదనం ఉంది. నాకు అవకాశం మళ్ళీ వచ్చింది, నేను అడగకుండానే వచ్చింది. నేనేమన్నానంటే:

"ఇక్కడి వాళ్ళు ఇంతేనండి. భూములున్నాయి. ఉద్యోగం వాళ్ళకి కాలక్షేపం."

మేనేజరు నవ్వి తల ఊపారు. మేడం రాసుకుంటున్న పెన్ను ఆపి నన్ను ఒకసారి చూసి మళ్ళీ రాసుకున్నారు. ఆవిడది సిద్దిపేట అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఇలాంటి మాటలు మా కాలనీలో టీ తాగుతూ, మా వాళ్ళ మధ్య, నవ్వుకుంటూ అనుకునేవాళ్ళం. నేను పరాయి ఊరొచ్చి, ఆ ఊరి నీళ్ళు తాగి, ఆ ఊరి మనిషి తన ఊళ్ళోంచి తెచ్చిన ద్రాక్షపళ్ళు నా బల్ల మీద పెడితే తిని, ఆ మాట అన్నాను. ఉన్న భూమిలో ఎక్కువ భాగం వాళ్ళ నాయిన ఆస్పత్రి ఖర్చుల పాలైందని నాకు తెలుసు. తెలిసీ అన్నాను. మొదటి వాక్యం నన్ను కాపాడుకోవడానికి. రెండోది దేనికి? చేసిన పని నాకు నేను సమర్థించుకోవడానికి. వీడికి పోయేదేముంది, భూములున్నాయిగా అని. నా కడుపులో అంత విషం ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

అతన్ని రాజీనామా చెయ్యమన్నారు, చేశాడు. చివరి రోజు నాకు తాళాలు అప్పగించి, పాత బిల్డింగులో ఏ స్విచ్చి సతాయిస్తుందో, దాన్ని ఎలా సరిచెయ్యాలో ఓపిగ్గా చెప్పాడు. పోయొస్త సార్ అని వెళ్ళిపోయాడు. ఆ మరుసటి శనివారం నుంచి కాపీలు మళ్ళీ పాత బిల్డింగుకి వెళ్ళాయి. ఆ ఉత్తర్వు మీద నేనే సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండా నాకు ప్రమోషన్ వచ్చింది. తర్వాత వేరే కంపెనీకి మారాను.

నాలుగేళ్ళ కిందట కీసర నుంచి వస్తూ అతన్ని చూశాను. రోడ్డు పక్కన ప్లాట్ల వెంచరు, రంగు జెండాలు, ఒక టెంటు. సత్తిరెడ్డి ఎండలో గొడుగు పట్టుకుని ఎవరికో హద్దు రాళ్ళు చూపిస్తున్నాడు. అన్న దగ్గరే చేరాడన్నమాట. ఆ పని అంటే అతనికి ఎంత చిరాకో నాకు తెలుసు. ట్రాఫిక్కులో మా కారు అక్కడే ఆగింది. నేను అద్దం ఎక్కించేశాను. మా ఆవిడ, ఎవరండీ అలా చూస్తున్నారు అంటే, ఎవరో అన్నాను.

ఈ ఏడాది ఒక మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు. ఎక్కడో ఒక కంపెనీలో స్టోరేజీ చూసే ఉద్యోగానికి పెట్టుకున్నాడట. ఖాళీగా ఉన్నప్పుడు కొత్త కోర్సు కూడా చేశాడట. పాత ఉద్యోగం గురించి అడగడానికి ఎవరిదైనా పేరు ఇమ్మన్నారట.

"మీ పేరిచ్చిన సార్. ఏమనుకోకుండ్రి. నేనెట్ల పంజేసిననో మీకు తెల్సు గద. ఉన్నది ఉన్నట్టు జెప్పుండ్రి, సాలు."

తప్పకుండా చెబుతాను రెడ్డిగారూ అన్నాను. మొదటిసారి గారూ అన్నాను. అతను మంచిది సార్ అని పెట్టేశాడు.

రెండు రోజులకి ఆ కంపెనీ నుంచి ఒకామె చేసింది. మర్యాదగా, వరసగా అడుగుతోంది. ఎన్నేళ్ళు చేశారు, సమయానికి వచ్చేవారా. అన్నిటికీ మంచిగానే చెప్పాను, ధారాళంగా చెప్పాను. తర్వాత అడిగింది, ఆయన ఎందుకు మానేశారు, డేటా పోయిన ఏదో సంఘటన ఉందట కదా, ఆయన తప్పేనా అని.

నాకు సరిగ్గా గుర్తు లేదండి అన్నాను.

చూశారా? ఇప్పుడు నన్ను విచారించే మేడం లేదు. ఆ కంపెనీతో నాకు సంబంధమే లేదు. నిజం చెబితే నాకు పోయేది ఏమీ లేదు, వెంట్రుక ముక్క కూడా పోదు. అయినా నోరు పెగల్లేదు. అలవాటైన అబద్ధం అడ్డం నిలబడింది. ఆమె సరేనండి అని, ఏదో టైపు చేసుకున్న చప్పుడు వినిపించింది.

పదకొండు రోజులు తిండి సయించలేదు. పన్నెండో రోజు ఆఫీసులో మెట్ల దగ్గర నిలబడి ఆమెకి నేనే చేశాను. ముందు ఎవరో గుర్తుపట్టలేదు. చెప్పాను. కాపీ పెట్టే చోటు మార్చమన్నది నేను, ఆయన వద్దన్నాడు, ఫారం పెడదామన్నాడు, నేను వద్దన్నాను, విచారణలో అబద్ధమాడాను అని. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఆమె మధ్యలో ఆపకుండా విని, చెప్పినందుకు థాంక్సండీ, కానీ ఆ పోస్టు పోయిన వారమే ఇంకొకరికి ఇచ్చేశాం అంది. అలాగేనండి అన్నాను.

ఫోను జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, తేలికైంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. ఆ మనిషికి దాని వల్ల ఒరిగింది ఏమీ లేదు, బాగుపడింది నా ఊపిరి ఒక్కటే. ఇప్పుడు కూడా లాభం నాకే వచ్చింది.

సత్తిరెడ్డికి ఇంకా చెయ్యలేదు. నంబరు ఉంది. రోజూ తీసి చూస్తాను. మాట ఇచ్చినట్టే నేను ఉన్నది చెప్పానని, అయినా ఉద్యోగం రాలేదని అతను అనుకుంటూ ఉంటాడు. నా మీద ఇంకా నమ్మకం పెట్టుకునే ఉంటాడేమో. ఫోన్ చేస్తే ఆ నమ్మకం కూడా తీసెయ్యాలి. చెయ్యాలి, తెలుసు. ముందు మీకు చెబుతున్నది కూడా పిరికితనమే, అదీ తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పేటప్పుడు నాకు మళ్ళీ నోరు పెగలకపోతే, కనీసం ఒకచోట నా చేత్తో రాసి ఉండాలని రాస్తున్నాను.

సత్తిరెడ్డికి బాగానే అర్థమైంది. అతను వద్దన్నాడు. నేను చెయ్యమన్నాను.